తమ్ముడి ఆటకూ అక్క చీరలకూ ఒకే మానిటరా?

ఈసారి శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు మానిటర్ల గురించే. ఒకే ప్రశ్నను ఇద్దరు ముగ్గురు అడిగినచోట ఒక్కరిదే తీసుకున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైంది. ఆమె కష్టం అలాంటిది.

*ప్రశ్న: ఇంట్లో ఉండి పోచంపల్లి, గద్వాల చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. ఫోటోలు తీసేది, దిద్దేది నేనే. దసరా తరువాత వరుసగా నాలుగు చీరలు వెనక్కి వచ్చాయి. నలుగురిదీ ఒకటే మాట: ఫోటోలో వెలిసినట్టు కనిపించింది, చేతికి వచ్చింది ముదురు రంగు. మా ఇంట్లో కంప్యూటర్ ఒక్కటే. ఇంజినీరింగ్ చదువుతున్న తమ్ముడు రాత్రిళ్లు దాని మీదే వాలరెంట్ అనే కాల్పుల ఆట ఆడతాడు. వాడు అడిగితేనే ఆరు నెలల కిందట 24 అంగుళాల 165 హెర్ట్జ్ (సెకనుకు 165 బొమ్మలు మార్చే) మానిటర్ కొన్నాం. గేమింగ్ మానిటర్ రంగుల పనికి పనికిరాదని తెలిసినవాళ్లు అంటున్నారు. నాకు వేరేది కొనుక్కోమంటారా? ఇద్దరికీ సరిపోయేది ఒకటి ఉందా? ఇరవై వేల దాకా పెట్టగలను.*
*— ఒక పాఠకురాలు, మల్కాజిగిరి*

జవాబు: అమ్మా, ‘నలుగురిదీ ఒకటే మాట’ అన్నచోట నేను ఆగిపోయాను. మానిటర్ నాసిరకమైతే ఎరుపు ఒకవైపు, నీలం ఇంకోవైపు జరగడం ఎక్కువగా చూస్తాం. నాలుగు చీరలూ ఒకే వైపు తప్పాయంటే ఎక్కడో ఒక మీట తిప్పి ఉందని అనుమానం వచ్చింది. అందుకే మీకు ఫోను చేసి, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి రెండు చోట్ల చూడమన్నాను. మనం మాట్లాడుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. ఇదే ఇబ్బంది పడుతూ కారణం తెలియనివారు ఇంకా ఉండి ఉంటారు.

మొదటిది, గ్రాఫిక్స్ కార్డును సర్దే ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో, తెర మీది రంగుల గాఢతను పెంచే డిజిటల్ వైబ్రెన్స్ అనే గీత. అది మామూలుగా 50 దగ్గర ఉంటుంది. మీది 85 దగ్గర ఉంది. రెండోది, మానిటర్ అడుగున బొత్తాం నొక్కితే వచ్చే మెనూ. అందులో కాల్పుల ఆటలకోసం ఉండే ఎఫ్‌పీఎస్ మోడ్ పెట్టి ఉంది, నీడలను వెలిగించే బ్లాక్ ఈక్వలైజర్ చివరిదాకా పెంచి ఉంది. తమ్ముడిని కోప్పడకండి. గట్టిగా ఆడేవాళ్లు చాలామంది చేసే పనే అది. నీడలో నక్కినవాడు కనబడాలి, గోడ రంగులోంచి మనిషి విడిగా తేలాలి. అక్కడ రంగు నిజమా కాదా అన్నది వాడికి అక్కరలేదు, ఎదుటివాడు ముందు కనిపిస్తే చాలు.

మీ వైపు జరిగింది చూడండి. తెర మీద చీర ఉన్నదానికంటే గాఢంగా కనిపిస్తోంది. మంచం మీద పరిచిన అసలు చీరతో పోల్చుకుని, ఎక్కువైంది అనుకుని మీరు ఫోటోలో గాఢత తగ్గిస్తూ వచ్చారు. మీ తెర మీద చీరా ఫోటో చక్కగా కలిశాయి. ఆ ఫోటో కొనేవారి ఫోనుకు చేరింది. అక్కడ వైబ్రెన్స్ 85 లేదు, మీరు తగ్గించిన రంగు మాత్రమే ఉంది. వారు చూసింది వెలిసిన మెరూన్, అందుకున్నది అసలైన మెరూన్. ఈ పెంపు తెరకు వెళ్లే సంకేతంలో జరుగుతుంది, ఫోటో ఫైల్‌లో ఉండదు. స్క్రీన్‌షాట్ తీసి చూసినా బయటపడదు. ఇన్నాళ్లూ మీకు దొరకనిది అందుకే. బ్లాక్ ఈక్వలైజర్ ఇంకో అన్యాయం చేస్తుంది. కుచ్చిళ్ల మధ్య నీడను బూడిద రంగుకు తిప్పి, పట్టు బరువునంతా తీసేస్తుంది.

కాబట్టి ఈ వారం మానిటర్ కొనవద్దు. వైబ్రెన్స్ 50కి తెండి. మానిటర్ మెనూలో ఎస్‌ఆర్‌జీబీ అనే మోడ్ ఉంటే అది పెట్టండి. ఈ ఎస్‌ఆర్‌జీబీ 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి తెరలకోసం ఏర్పరచిన రంగుల కొలమానం. ఇప్పటికీ ఇంటర్నెట్‌లో ఫోటోలకు ఆధారం అదే. తరువాత వెలుగు. కొత్త మానిటర్లు కళ్లు చెదిరే వెలుగుతో పెట్టెలోంచి వస్తాయి. తెర మీద తెల్ల పేజీ తెరిచి, దాని పక్కన ఒక తెల్ల కాగితం పట్టుకోండి. తెర దీపంలా, కాగితం మాసినట్టు కనిపిస్తే వెలుగు ఎక్కువన్నమాట. రెండూ ఒకే తెలుపుగా తోచేదాకా తగ్గించండి. ఇంత చేసి, వెనక్కి వచ్చిన ఆ నాలుగు చీరల ఫోటోలనే మళ్లీ దిద్ది, రెండు మూడు వేరు వేరు ఫోన్లలో చూడండి. ఫోన్లలో కూడా వివిడ్ అనే డిస్‌ప్లే మోడ్ ఉంటుంది. సరిచూసే ఫోనులో మాత్రం దాన్ని నేచురల్‌కు మార్చుకోండి.

ఈ విషయంలో నాకింత పట్టుదల ఎందుకో చెబుతాను. 2003లో నేను నగరంలో ఒక ప్రెస్సులో శుభలేఖల ఫైళ్లు తయారుచేసేవాడిని. పాత గాజుబుడ్డి మానిటర్ అది. వెలుతురు పడకుండా దాని చుట్టూ నల్ల చార్టు కాగితంతో గూడులా కట్టుకున్నాం. ఏళ్లు గడిచి తెర ఎర్రబడింది. రోజూ చూసే కంటికి ఆ తేడా తెలియలేదు. ఒక పెళ్లికి వెయ్యి కార్డులు, నేలంతా పసుపు రంగు. తెర మీద అది నారింజ వైపు పోతోందని మెజెంటా (గులాబీ సిరా) తగ్గించి, సయాన్ (నీలి సిరా) ఒక చుక్క పెంచాను. ప్రూఫ్ తీసే వ్యవధి లేదు. మరునాడు కట్టలు విప్పితే వెయ్యి కార్డులూ నిమ్మకాయ పచ్చ. పెళ్లికూతురి తండ్రి కార్డు అంచును బొటనవేలితో రుద్దుతూ, ‘‘ఇది పసుపు కాదు బాబూ’’ అన్నారు. అరవలేదు, తిట్టలేదు. ఆ వేలూ ఆ మాటా ఇప్పటికీ మరిచిపోలేదు. అప్పటినుంచి పక్కన అచ్చు కాగితమో, అసలు వస్తువో లేకుండా రంగు మీద చెయ్యి వెయ్యలేదు. అమ్మా, మీకు పక్కన అసలు చీర ఉంది. అంతకంటే మంచి కొలమానం ఏ కంపెనీ అమ్మలేదు. అయితే ఆ చీర మీద పడే వెలుతురు కూడా నిజమైనదై ఉండాలి. గదిలోని చవక ఎల్‌ఈడీ బల్బు కింద ఎరుపు నీరసిస్తుంది. ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర పగటిపూట తీయండి, పగటిపూటే పోల్చండి.

ఒక్క రంగు మాత్రం ఎంత దిద్దినా మీకు లొంగదు: నెమలికంఠం. ఎస్‌ఆర్‌జీబీ పరిధి ఇరుకుగా ఉండేది సరిగ్గా ఆ నీలి పచ్చ వైపే. 1998లో వచ్చిన అడోబీ ఆర్‌జీబీ అనే కొలమానం ఆ వైపు ఎక్కువ చోటిస్తుంది. కానీ మీ ఫోటో చివరికి చేరేది రకరకాల ఫోన్లకు, కాబట్టి దాన్ని చూపే ఖరీదైన మానిటర్ కొని మీకు లాభం లేదు. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు నేసిన డబుల్ షేడ్ చీరల సంగతీ ఇంతే. కదిలితేనే ఆ రంగు బయటికి వస్తుంది. ఫోటోతో పాటు పది సెకన్ల వీడియో పెట్టండి. ఫోటో కింద ‘ఫోటోలో కంటే పచ్చదనం కాస్త ఎక్కువ’ అని మాటల్లో రాయండి. వంకాయ రంగు, మామిడి పిందె రంగు అని మనవాళ్లు ఊరికే పేర్లు పెట్టలేదు. ఆ మాట చదివితే కొనేవారికి కళ్లముందు ఆడుతుంది.

ఇంత చేశాక కూడా వ్యాపారం పెరిగి, మీకంటూ ఒకటి కావాలనిపిస్తే, తమ్ముడి మానిటర్‌ను వాడికే వదిలి మీరు 24 అంగుళాల ఐపీఎస్ ప్యానెల్ (పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారని తెర రకం) తీసుకోండి. ఆసుస్ ప్రోఆర్ట్, బెన్‌క్యూ పీడీ లాంటి వరసలు రంగుల పనివారికోసమే చేసినవి. వివరాల్లో రెండు చూడండి. ఎస్‌ఆర్‌జీబీ 99 లేదా 100 శాతం అని ఉండాలి. ఫ్యాక్టరీలోనే రంగు సరిచూసి, డెల్టా ఈ 2 కంటే తక్కువ అని ఉండాలి. డెల్టా ఈ అంటే అసలు రంగుకూ తెర మీది రంగుకూ మధ్య తేడా. 2 లోపు ఉంటే మామూలు కంటికి పట్టడం కష్టం. మీ పనికి 60 హెర్ట్జ్ చాలు, చీర పరుగెత్తదు.

ఇద్దరికీ ఒకటే కావాలంటే 27 అంగుళాలు, 2560×1440 పిక్సెళ్లు (తెర మీది చుక్కలు), ఐపీఎస్, 144 హెర్ట్జ్ లేదా ఆ పైన. కొనేముందు ఒక మెలిక సరిచూసుకోండి. చాలా గేమింగ్ మానిటర్లలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ పెట్టగానే వెలుగు సర్దే మీట బిగుసుకుపోతుంది. అలాంటిదాన్ని మీరు వారం రోజులు వాడి మానేస్తారు. ఆ మోడ్‌లో కూడా వెలుగు తగ్గించుకోనిచ్చేదే తీసుకోండి. తమ్ముడితో ఒక ఒప్పందం కూడా చేసుకోండి: ఆట ముగిసి లేచేముందు వైబ్రెన్స్ 50కి తేవాలి. ఒక చీటీ మీద రాసి మానిటర్ అంచుకు అంటించండి.

*ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఇప్పుడున్న 60 హెర్ట్జ్ తీసేసి 240 హెర్ట్జ్ కొనమని పట్టుపడుతున్నాడు. 240 అంటే నాలుగు రెట్లు బాగా ఆడతాడా? ఇది నిజంగా అవసరమా, లేక మోజా?*
*— ఒక తండ్రి, కూకట్‌పల్లి*

జవాబు: అయ్యా, మోజు కాదు, కానీ లెక్క మీరనుకున్నట్టు నాలుగు రెట్లూ కాదు. 60 హెర్ట్జ్ తెర సెకనుకు 60 బొమ్మలు మారుస్తుంది. అంటే ఒక్కో బొమ్మ 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది. 144 హెర్ట్జ్‌లో 6.9. 240లో 4.2. మొదటి మెట్టు ఎక్కితే దాదాపు 10 మిల్లీసెకన్లు కలిసివస్తాయి, రెండో మెట్టుకు 3 కూడా రావు. 60 నుంచి 144కు మారితే మీరు కూడా గుర్తుపడతారు. 144కూ 240కీ తేడా పోటీల్లో ఆడే చేతులకు తెలుస్తుంది. ఇంటర్ చదువుతూ సాయంత్రం ఆడుకునే పిల్లవాడికి 24 అంగుళాల ఐపీఎస్, 144 నుంచి 180 హెర్ట్జ్ లోపు నిండుగా సరిపోతుంది. మిగిలిన డబ్బు మంచి కుర్చీకి పెట్టండి. వెన్ను జీవితాంతం వాడుకోవలసింది.

తేడా మీ కంటితోనే చూడాలంటే ఒక పని చేయండి. తెలుగు వార్తాపత్రిక వెబ్‌సైట్ తెరిచి, ఆ కిటికీని మౌస్‌తో పట్టుకుని అటూ ఇటూ జరుపుతూ శీర్షిక చదవడానికి ప్రయత్నించండి. 60 హెర్ట్జ్ మీద గుడులూ దీర్ఘాలూ అలికేసినట్టు అయిపోతాయి. 144 మీద జరుగుతుండగానే మాట పోల్చుకోగలుగుతారు. ఆటలో పరుగెత్తే మనిషి తల మీ అబ్బాయికి కనబడేదీ, కనబడనిదీ ఇలాగే.

పెట్టె మీద ‘1 ఎంఎస్’ (ఒక మిల్లీసెకను) అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. దాన్ని పట్టుకుని కొనవద్దు. ఒక కంపెనీ బూడిద రంగు ఒక ఛాయ నుంచి ఇంకో ఛాయకు మారే వ్యవధిని రాస్తుంది, మరొకటి కదలికలో మసక ఎంతసేపు ఉంటుందో రాస్తుంది. ఆ ఒకటి అందుకోవడానికి, చుక్కల రంగు త్వరగా మారేలా తొందరపెట్టే ఓవర్‌డ్రైవ్‌ను చివరిదాకా పెంచితే, కదిలే వస్తువు వెనక తెల్లటి దయ్యపు నీడ ఒకటి తోకలా వస్తుంది. మధ్య స్థాయిలో పెట్టమనండి. ఇక తెర రకాల్లో వీఏ ప్యానెల్ నలుపులో బాగుంటుంది, సినిమాలకు హాయి. కానీ చవక వీఏలలో చీకటి దృశ్యాలు కదిలితే సిరా పులిమినట్టు అవుతుంది, పోటీ ఆటకు వద్దు. టీఎన్ ప్యానెల్ వేగంగా మారుతుంది, అందుకే పోటీ ఆటగాళ్లలో కొందరు ఇప్పటికీ దాన్ని వదలరు. కాస్త కిందినుంచి చూస్తే మాత్రం రంగు తిరగబడుతుంది. ఇంటిల్లిపాదీ వాడే కంప్యూటర్‌కు అది తగదు.

ఇంకొకటి, అబ్బాయి కంప్యూటర్ అన్ని బొమ్మలు తయారుచేయగలదా అని అడగండి. గ్రాఫిక్స్ కార్డు సెకనుకు 90 బొమ్మల దగ్గర ఆగిపోతే 240 హెర్ట్జ్ మానిటర్ ఊరికే కూర్చుంటుంది. వాలరెంట్ తేలికైన ఆట కాబట్టి మధ్యరకం కార్డు కూడా లాగుతుంది, బరువైన ఆటలకు కాదు.

ఉత్తరం చివర ‘ఈ ఆటల పిచ్చి ఎలా మాన్పించాలి’ అని కూడా రాశారు. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ-స్పోర్ట్స్‌ను (పోటీగా ఆడే వీడియో ఆటలను) క్రీడల శాఖ కిందికి తెచ్చింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వాటికి పతకాలిచ్చారు. వేళలు పెట్టండి, పరీక్షల నెలలో ఆపించండి. పిచ్చి అని మాత్రం వాడి ముందు అనకండి.

*ప్రశ్న: 165 హెర్ట్జ్ మానిటర్ కొని రెండు నెలలైంది. పాత దానికీ దీనికీ నాకేమీ తేడా కనిపించడం లేదు. మోసపోయానా?*
*— ఒక విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్*

జవాబు: కంగారుపడకు బాబూ. విండోస్ చాలాసార్లు కొత్త మానిటర్‌ను కూడా 60 హెర్ట్జ్ మీదే నడుపుతుంది. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, అందులో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి రిఫ్రెష్ రేట్ మార్చు. అక్కడ 165 కనబడకపోతే కేబుల్ చూడు. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వాడు, దాన్ని మదర్‌బోర్డుకు కాక గ్రాఫిక్స్ కార్డుకు తగిలించు. నాకు ఇదే ప్రశ్న రాసిన ఇంకో ఇద్దరికీ ఇదే జవాబు.

*ప్రశ్న: కృష్ణానగర్‌లో ఉంటూ లఘుచిత్రాలు, యూట్యూబ్ వీడియోలు ఎడిట్ చేస్తాను. ఖాళీ దొరికితే ఆటలు. 27 అంగుళాల ఓఎల్‌ఈడీ గేమింగ్ మానిటర్ చూసి మనసు పారేసుకున్నాను. రంగులు అద్భుతం, 240 హెర్ట్జ్ కూడా. ఒకే దెబ్బకు రెండూ అయిపోతాయి కదా?*
*— ఒక ఎడిటర్, కృష్ణానగర్*

జవాబు: ఆటకు, సినిమా చూడటానికి దాన్ని మించింది లేదు. ప్రతి పిక్సెల్ తనంతట తాను వెలిగి, తనంతట తాను ఆరుతుంది, కాబట్టి నలుపు అంటే నలుపే. మామూలు ఐపీఎస్‌లో తెలుపు నలుపుల నిష్పత్తి వెయ్యికి ఒకటి దగ్గర ఉంటుంది, నలుపు ఎప్పుడూ కాస్త బూడిదే. మీ ఆశ అర్థమైంది. కానీ మీ రోజు ఎలా గడుస్తుందో ఆలోచించండి. పది గంటలు అదే టైమ్‌లైన్, అదే టూల్‌బార్, అదే చోట. ఓఎల్‌ఈడీ మీద కదలని బొమ్మ ఏళ్లు గడిస్తే మచ్చ కడుతుంది. ఇప్పటి మానిటర్లలో దాన్ని నెమ్మదింపజేసే ఏర్పాట్లు ఉన్నాయి, పూర్తిగా ఆపేవి లేవు.

తెలుగు రాసేవారికి ఇంకో ఇబ్బంది ఉంది. చాలా ఓఎల్‌ఈడీలలో ఎరుపు, పచ్చ, నీలం చుక్కల అమరిక మామూలు మానిటర్లలా ఉండదు. అక్షరాల అంచున సన్నటి రంగు గీత కనబడుతుంది. ఇంగ్లీషు అక్షరాలకు కొందరు సర్దుకుపోతారు. చిన్న సైజులో వత్తులూ తలకట్లూ ఉన్న మన టైటిళ్లు దిద్దేటప్పుడు కళ్లు లాగేస్తాయి. 27 అంగుళాల్లో 2560×1440 అంటే అంగుళానికి 109 పిక్సెళ్లు. అదే సైజులో 4కే (3840×2160) అంటే 163. ‘స్త్రీ’లోని కింది వత్తు 4కేలో తీగలా తేటగా కనిపిస్తుంది.

మీ వీడియో సెకనుకు 24 లేదా 25 లేదా 30 ఫ్రేములు. ఎడిటింగ్‌కు 240 హెర్ట్జ్ ఏ పనికీ రాదు. యూట్యూబ్‌కు వెళ్లేది రెక్.709 అనే వీడియో రంగుల కొలమానంలో, దాని మూల రంగులు ఎస్‌ఆర్‌జీబీవే. థియేటర్ సినిమాకు ఇంకా విశాలమైన డీసీఐ-పీ3 కావాలి నిజమే, కానీ ఆ రంగుల నిర్ణయం సినిమాకు చివరిగా రంగులు దిద్దే డీఐ గదిలో జరుగుతుంది, మన గదిలో కాదు. కాబట్టి 27 అంగుళాల 4కే ఐపీఎస్, 60 హెర్ట్జ్ తీసుకోండి. మిగిలిన డబ్బుతో రంగు కొలిచే పరికరం, స్పైడరో కాలిబ్రైటో, మీ వీధిలోని ఎడిటర్లు ఇద్దరు ముగ్గురు కలిసి ఒకటి కొనుక్కోండి. నెలకొకసారి తలా అరగంట వాడుకుంటే చాలు. పెట్టె మీద డిస్‌ప్లే హెచ్‌డీఆర్ 400 అన్న ముద్ర చూసి హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడా ఎక్కువగా చూపే వీడియో) పని చేయవచ్చనుకోకండి. ఆ స్థాయికి తెరను భాగాలుగా మసకబరిచే ఏర్పాటు ఉండాలన్న నియమమే లేదు.

*ప్రశ్న: సీటీసీకి వెళ్లి చూసి కొనాలా, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలా?*
*— ఒక పాఠకుడు, ఉప్పల్*

జవాబు: నేనైతే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ దుకాణాలకే వెళతాను. కానీ దుకాణంలో కనిపించే రంగును నమ్మి కాదు. అక్కడ వరసగా పెట్టిన మానిటర్లన్నీ మిరుమిట్లు గొలిపే మోడ్‌లో, ట్యూబులైట్ల కింద ఉంటాయి. ఏది ఎక్కువ మెరిస్తే అది బాగున్నట్టు అనిపిస్తుంది. ఇంట్లో అందరి ముఖాలూ ఉన్న ఒక ఫోటో, చీకటిలో తీసిన ఒక ఫోటో పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. మోడ్‌ను ఎస్‌ఆర్‌జీబీకి లేదా స్టాండర్డ్‌కు మార్పించి ఆ రెండూ చూడండి. తెలిసిన ముఖం రంగు తప్పితే కన్ను వెంటనే పట్టేస్తుంది.

కొన్నాక పెట్టె అక్కడే విప్పించి, తెరంతా నలుపు, తెలుపు, ఎరుపు, పచ్చ, నీలం ఒక్కొక్కటే నింపి చనిపోయిన చుక్కలు ఉన్నాయేమో చూడండి. ఇంటికి వచ్చాక దీపాలార్పి నల్ల తెర మరోసారి. మూలల నుంచి వెలుగు పసుపుగా కారుతుంటే మరునాడే తీసుకెళ్లండి. ఎన్ని చనిపోయిన చుక్కలుంటే మారుస్తారో కొనేముందే అడిగి, బిల్లు మీద సీరియల్ నంబరుతో పాటు రాయించుకోండి. పెట్టె, లోపలి థర్మాకోల్ కనీసం నెల రోజులు పారేయకండి.